కిడ్నీ ఇచ్చినవారి లెక్క ఎవరు రాస్తారు?

జబ్బు లేని మనిషికి పెద్ద ఆపరేషన్ చేసే సందర్భాలు వైద్యంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బతికున్నవారి నుంచి కిడ్నీ తీయడం అందులో ఒకటి. ఏ ఆపరేషనైనా రోగి బాగుపడాలనే చేస్తారు. ఇక్కడ మాత్రం దాత ఆరోగ్యంగా నడిచి లోపలికి వెళ్లి, నొప్పితో, నీరసంతో, ఒక అవయవం తగ్గి బయటికి వస్తారు. బాగుపడేది పక్క థియేటర్లో ఉన్న మరొకరు.

చిక్కులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఆసుపత్రి ఫైళ్లు, ఇన్సూరెన్స్ పాలసీలు, సెలవు నిబంధనలు, ఇంటికొచ్చే పరామర్శలు, అన్నీ రోగిని దృష్టిలో పెట్టుకుని ఏర్పడ్డవి. దాత రోగి కారు. అందుకే వారి ఖర్చు ఏ పద్దులోనూ పడదు, వారి దిగులు ఏ ఫైల్లోనూ ఎక్కదు. దాతల మనసు గురించి ఒకరు మాట్లాడతారు, డబ్బు గురించి మరొకరు మాట్లాడతారు. ఆ రెండూ ఒకే ముడికి రెండు కొసలు. తాను ప్రాణం నిలబెట్టిన తమ్ముడి దగ్గర, ఈ గొడవలో నా రెండు నెలల జీతం పోయిందిరా అని చెప్పడానికి అక్కకి నోరు రాదు. అలా చెప్పుకోలేకపోయిన డబ్బే కొన్నేళ్లకి ఇద్దరి మధ్య మాటలు తగ్గడానికి కారణమవుతుంది.

కిడ్నీ ఇవ్వొద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఏ దేశంలో అడిగినా దాతల్లో 90 శాతానికి పైగా, మళ్లీ అవకాశం వస్తే మళ్లీ ఇస్తామనే అంటారు. అమెరికాలో రెండు వేలమందికి పైగా దాతలను చాలా ఏళ్ల తర్వాత పలకరించి చేసిన ఒక పెద్ద అధ్యయనంలో డిప్రెషన్ లక్షణాలు కనిపించింది దాదాపు 8 శాతం మందిలో. అంటే ఎక్కువమంది బాగానే ఉంటారు. కాకపోతే "మళ్లీ ఇస్తారా?" అన్న ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. ఎదురుగా బతికి తిరుగుతున్న మనిషిని పెట్టుకుని 'ఇవ్వను' అని ఎవరంటారు? ఇచ్చినందుకు పశ్చాత్తాపం లేకపోవడం వేరు, ఇచ్చాక ఇబ్బంది పడకపోవడం వేరు. మొదటిదానికి వచ్చిన జవాబును చూపించి రెండోదాన్ని కొట్టిపారేయడం చాలా చోట్ల జరుగుతోంది.

నిర్ణయం, పరీక్షలు

1960ల చివర్లో కార్ల్ ఫెల్నర్, జాన్ మార్షల్ అనే అమెరికన్ పరిశోధకులు దాతలతో మాట్లాడి ఒక సంగతి గమనించారు. చాలామంది కిడ్నీ కావాలన్న మాట చెవిన పడిన క్షణంలోనే 'నేనిస్తా' అనుకున్నారు. పరీక్షలు, డాక్టర్ల వివరణలు, సంతకాలు అన్నీ ఆ తర్వాత వచ్చినవే. ఇప్పటికీ పెద్దగా మారిందేమీ లేదు. తల్లి విషయంలో ఇది సహజంగానే కనిపిస్తుంది. కానీ మాట ఇచ్చేశాక వెనక్కి తగ్గడం కష్టం. ఇంట్లో అందరికీ కబురు వెళ్లిపోయి ఉంటుంది. డయాలసిస్ మీదున్న మనిషి ముఖంలో ఆశ కనిపిస్తుంటుంది. అప్పుడు పుట్టే సందేహం లోపలే ఉండిపోతుంది.

సందేహం ఉండటం తప్పేమీ కాదు. దాన్ని ఎవరితోనూ పంచుకోకుండా థియేటర్‌లోకి వెళ్లడమే ప్రమాదం. ఆపరేషన్ తర్వాత ఎక్కువగా కుంగిపోయేవారిలో ముందు నుంచీ రెండు మనసులతో ఉన్నవారు, గతంలో డిప్రెషన్ ఉన్నవారు, కిడ్నీ ఇస్తే బంధం చక్కబడుతుందని ఆశపడ్డవారు తరచూ కనిపిస్తారు. మూడో రకం వారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలాకాలంగా ఇంట్లో చెడ్డపేరు మోసిన కొడుకో, భర్త నుంచి దూరమైన భార్యో, దీంతో అంతా సర్దుకుంటుందని లోలోపల నమ్ముతారు. కిడ్నీ రక్తంలోని వ్యర్థాలను వడకడుతుంది గానీ పాత తగాదాలను కాదు. ఆరు నెలలు గడిచాక ఇంట్లో పరిస్థితి మునుపటిలాగే ఉందని తెలిసినప్పుడు, నొప్పి తగ్గిన చోట నిరాశ మొదలవుతుంది.

అందుకే మంచి ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాల్లో దాతను కుటుంబం లేకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. కిడ్నీ తీసుకునేవారికి వైద్యం చేసే డాక్టరు, దాత మంచిచెడ్డలు చూసే డాక్టరు ఒకరే కాకుండా జాగ్రత్తపడతారు. అమెరికాలో 2007 నుంచి ప్రతి కేంద్రంలోనూ దాత పక్షాన నిలబడే స్వతంత్ర ప్రతినిధి ఉండాలన్న నిబంధన ఉంది. మత్తు ఇచ్చే నిమిషం వరకూ దాత 'వద్దు' అనొచ్చు. అలా అన్నప్పుడు ఇంట్లోవాళ్లకి కారణం చెప్పకుండా, ఈ వ్యక్తి దానానికి తగరు అని మాత్రమే చెప్పే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఈ సౌకర్యం ఉందని దాతకి మొదటి రోజే చెప్పాలి. చివర్లో చెబితే అప్పటికి ఆలస్యమైపోతుంది. దాతల్లో స్త్రీలు ఎక్కువగా ఉండటం చాలా దేశాల్లో కనిపించేదే. అందులో ప్రేమ ఎంత, కాదనలేని పరిస్థితి ఎంత అన్నది విడిగా మాట్లాడితే తప్ప బయటపడదు.

పరీక్షల దశలో మరో రెండు విషయాలు ఉంటాయి, వాటి గురించి ముందు చెప్పేవారు తక్కువ. ఒకటి, ఆరోగ్యంగా ఉన్నామనుకుని వెళ్లినవారికి షుగరో, బీపీయో, మూత్రంలో ప్రొటీన్ పోతున్నట్టో తేలడం. ఒక రకంగా అది మేలే, జబ్బు ముందే దొరికింది. కానీ ఆ రోజు నుంచి అది ఇన్సూరెన్స్ కాగితాల్లో 'ముందు నుంచి ఉన్న జబ్బు' అవుతుంది. రెండోది, కణజాల సరిపోలిక పరీక్ష. తండ్రి, బిడ్డల మధ్య ఇది చేసినప్పుడు రక్తసంబంధం లేదన్న సంగతి కూడా బయటపడొచ్చు. అలాంటిదేమైనా తెలిస్తే మాకు చెబుతారా, చెప్పరా అని రక్తం ఇవ్వకముందే కేంద్రంలో ఈ పనులు చూసే కోఆర్డినేటర్‌ని అడగడం మంచిది.

ఇక పరీక్షల్లో 'పనికిరారు' అని తేలినవారి సంగతి. వాళ్లు కిడ్నీ ఇవ్వలేదు కాబట్టి దాతల లెక్కలోకి రారు. కానీ తిరిగిన రోజులు, పోయిన పనిదినాలు, ప్రయాణ ఖర్చులు వాళ్లకీ ఉన్నాయి. పైగా ఇవ్వాలని ఉండీ ఇవ్వలేకపోయామన్న బాధ ఒకటి. ఖర్చులు తిరిగి ఇచ్చే పథకాలు కొన్ని చోట్ల వీళ్లకీ వర్తిస్తాయి. చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఆరు వారాలు, గంటల లెక్కన

కిడ్నీని లాపరోస్కోపీ పద్ధతిలో తీయడం 1995లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదలైంది. అంతకుముందు పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టేవారు. ఇప్పుడు పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు, కిడ్నీని బయటికి తీయడానికి పొత్తికడుపు దగ్గర ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల కోత ఉంటాయి. ఎక్కువగా ఎడమ కిడ్నీనే తీసుకుంటారు, దాని సిర పొడవుగా ఉండి అతకడం సులువు కాబట్టి. ఆసుపత్రిలో రెండు నుంచి నాలుగు రోజులు ఉంటారు.

మొదటి రెండు రోజుల్లో దాతలను ఆశ్చర్యపరిచేది కోత నొప్పి కాదు, భుజం నొప్పి. ఆపరేషన్ కోసం పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే ఉదర వితానాన్ని రేపుతుంది. ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుంది. తర్వాత మలబద్ధకం, ఇది నొప్పి మాత్రల వల్ల. మగవారికి ఎడమ కిడ్నీ తీసినప్పుడు ఆ వైపు వృషణంలో వాపో, నొప్పో కొన్ని వారాలు ఉండొచ్చు. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది దాచుకుంటారు. ముందే తెలిస్తే భయపడాల్సిన పని ఉండదు.

అదే రోజుల్లో అవతలి గదిలో పరిస్థితి పూర్తిగా వేరు. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిందంటే కొద్ది రోజుల్లోనే రక్తంలో పేరుకున్న క్రియాటినిన్ అనే వ్యర్థం దిగిపోతుంది, ఏళ్ల తరబడి రాని మూత్రం వస్తుంది, ముఖంలో కళ తిరుగుతుంది. డాక్టర్లూ చుట్టాలూ అక్కడే ఉంటారు. దాత గోడ పట్టుకుని నడుస్తుంటారు. తీసుకున్నవారు లేచి తిరుగుతుంటే ఇచ్చినవారు మంచం దిగలేకపోవడం మొదటి వారంలో మామూలే. జబ్బుతో ఉన్న శరీరానికి బలం వచ్చింది, బాగున్న శరీరానికి దెబ్బ తగిలింది, అంతే. ఈ సంగతి బుర్రకి తెలిసినా మనసుకి గుచ్చుకుంటుంది. ఇంత గొప్ప పని చేశాక నాకెందుకు ఏడుపొస్తోంది అని తమను తామే తప్పుపట్టుకునే దాతలు ఎందరో. ఇంటికి వెళ్లాక, పలకరింపులు తగ్గాక, రెండు మూడు వారాల దగ్గర ఈ వెలితి ఎక్కువగా తెలుస్తుంది. సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది. నిద్ర, ఆకలి రెండు వారాలకి మించి సరిగా లేకపోయినా, ఏ పనిమీదా ఆసక్తి పుట్టకపోయినా మాత్రం దాన్ని ఆపరేషన్ నీరసం కింద జమకట్టకుండా డాక్టరుకి చెప్పాలి.

నీరసం కూడా లెక్క తప్పించేదే. "నాలుగు వారాల్లో మామూలైపోతారు" అన్న మాటకి అర్థం కోత మానుతుందని. పూర్తి ఓపిక రావడానికి రెండు మూడు నెలలు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలకి మించిన బరువు ఎత్తకూడదు. పొట్ట కండరాలు అతుక్కోకముందే బరువెత్తితే కోత దగ్గర హెర్నియా వస్తుంది, దానికి మరో ఆపరేషన్ కావాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి మూడు నాలుగు వారాల్లో వెళ్లగలిగినవారు ఉన్నారు. మూటలు మోసేవారికి, నిలబడి పనిచేసేవారికి, పొలం పనికి, బండి నడిపేవారికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగైదు కిలోల హద్దు అంటే చంటిబిడ్డను ఎత్తుకోకూడదనే. చిన్నపిల్లలున్న తల్లి కిడ్నీ ఇచ్చినప్పుడు ఆరు వారాలు పిల్లలను ఎవరు చూస్తారన్నది ఇంట్లో సర్దుకునే విషయం అనుకుంటారు గానీ అది వైద్య ప్రణాళికలో భాగమే.

పద్దులో పడని పనిదినాలు

చాలా దేశాల్లో దాత ఆపరేషన్ బిల్లు ఏదో రకంగా కిడ్నీ తీసుకున్నవారి ఇన్సూరెన్సో, ప్రభుత్వమో, కుటుంబమో కడుతుంది. దాంతో అంతా ఉచితంగా అయిపోయిందన్న భ్రమ కలుగుతుంది. అసలు నష్టం బిల్లుల్లో కనిపించేది కాదు, పోయిన పనిదినాల్లో ఉండేది.

ఒక లెక్క వేద్దాం. పరీక్షల కోసం తిరిగేది నాలుగు నుంచి ఆరు రోజులు అనుకుందాం. ఆసుపత్రిలో నాలుగు రోజులు. ఇంటి దగ్గర కోలుకునేది తేలిక పనివారికి నాలుగు వారాలు, బరువు పనివారికి పది వారాలు. తర్వాత తనిఖీలకు మొదటి ఏడాదిలో మూడు నాలుగు రోజులు. తోడుండే మనిషికి కనీసం పది రోజులు. అన్నీ కూడితే తేలిక పనివారి ఇంట్లో ఇంచుమించు యాభై రోజులు, బరువు పనివారి ఇంట్లో తొంభై దాటతాయి. ఈ సంఖ్యను రోజు సంపాదనతో హెచ్చించి చూసుకోవాలి. రోజు పనిచేస్తేనే రోజు గడిచే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. జీతంతో కూడిన సెలవు ఉన్నవారికి నష్టం లేదనుకోవడం కూడా పొరపాటే. సెలవులన్నీ వాడేసుకున్నాక అదే ఏడాది జ్వరమొచ్చినా, బిడ్డకి బాగోకపోయినా జీతం కోతే.

భార్యాభర్తల్లో ఒకరు మరొకరికి ఇస్తే నష్టం రెట్టింపవుతుంది. డయాలసిస్ వల్ల ఒకరి సంపాదన ముందే ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు రెండోది కూడా ఆగుతుంది. ఇద్దరినీ చూసుకోవడానికి మూడో మనిషి కావాలి. సరిగ్గా అప్పుడే తీసుకున్నవారి మందుల ఖర్చు మొదలవుతుంది. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా వాడే ఆ మందులు కిడ్నీ పనిచేసినన్నాళ్లూ మానకూడదు. ఈ నెలకి డబ్బు దేనికి పెట్టాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మందులే ముందు, దాత తనిఖీ తర్వాత. వాయిదా పడ్డ ఆ తనిఖీ చాలా ఇళ్లలో ఎప్పటికీ జరగదు.

దీనికి చిక్కులు తోడైతే లెక్క తలకిందులే. అమెరికా దాతల రికార్డుల మీద 2016లో వచ్చిన విశ్లేషణలో, ఆపరేషన్ సమయంలోనో వెంటనేనో ఏదో ఒక ఇబ్బంది పడ్డవారు సుమారు 17 శాతం. మొత్తం దాతల్లో తీవ్రమైన ఇబ్బంది పడ్డవారు 2.5 శాతం. మిగతావారివి అంత తీవ్రం కానివి. తక్కువే అనిపిస్తుంది. కానీ చీము పట్టిన కోతకి మళ్లీ ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు ఎవరిది? మొదటి ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, ఎన్ని రోజుల వరకూ ఉంది, మూడేళ్ల తర్వాత హెర్నియా వస్తే అప్పుడెవరు కడతారు? అంతా బాగున్నప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోవాల్సిన ప్రశ్నలివి.

అడిగితే అమ్ముకున్నట్టా?

దాతలు డబ్బు విషయంలో నోరు మెదపకపోవడానికి మొహమాటం ఒక్కటే కారణం కాదు, చట్టమంటే భయం కూడా ఉంది. కిడ్నీ కొనడం, అమ్మడం దాదాపు అన్ని దేశాల్లోనూ నేరం. 1988 నుంచి చట్టబద్ధంగా చెల్లింపు పద్ధతి నడిపిన ఇరాన్ ఒక్కటే పెద్ద మినహాయింపు. దాంతో జీతం నష్టం అడిగినా అమ్ముకున్నట్టే అవుతుందేమోనని భయపడతారు. అలా కాదు. వివిధ దేశాల వైద్య నిపుణులు 2008లో చేసిన ఇస్తాంబుల్ డిక్లరేషన్ అవయవ వ్యాపారాన్ని ఖండిస్తూనే, దాతకి నిజంగా అయిన, రుజువు చూపగలిగిన ఖర్చులు తిరిగి ఇవ్వడం అవయవానికి చెల్లింపు కాదని స్పష్టంగా చెప్పింది. అమెరికాలో 1984 నాటి చట్టం కూడా ప్రయాణం, బస, పోయిన జీతం మొదలైనవాటిని అమ్మకం కింద లెక్కించకుండా మినహాయించింది. మీ దేశపు చట్టం దేన్ని అనుమతిస్తుందో కేంద్రంలోని సోషల్ వర్కర్ దగ్గర తెలుసుకోండి. అన్నిచోట్లా పనికొచ్చే జాగ్రత్త ఒకటే: గుండుగుత్తగా మొత్తం తీసుకోకూడదు, రసీదు ఉన్న ఖర్చుకి ఆ ఖర్చు మేరకే తీసుకోవాలి.

అమ్మకానికీ దానానికీ మధ్య తేడా ఎంత పెద్దదో చెన్నైలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. 2002లో ప్రచురితమైన ఆ పరిశీలనలో డబ్బు కోసం కిడ్నీ అమ్మిన 305 మందితో మాట్లాడారు. 96 శాతం మంది అమ్మింది అప్పు తీర్చడానికి. మాట్లాడేనాటికి నాలుగింట మూడొంతుల మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. కుటుంబ ఆదాయం సగటున మూడో వంతు పడిపోయింది. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. 79 శాతం మంది ఇతరులకి ఈ సలహా ఇవ్వమన్నారు. కిడ్నీ తీసే పద్ధతి ఒకటే అయినా, మనసుతో ఇచ్చి, సరైన తనిఖీలు జరిగి, నష్టం భర్తీ అయినవారి ఫలితాలు దీనికి పూర్తి భిన్నం. శరీరంలో ఒక కిడ్నీ తగ్గడం కన్నా, ఏ పరిస్థితిలో తగ్గిందన్నదే ఆ తర్వాతి బతుకును ఎక్కువగా నిర్ణయిస్తోంది.

కొన్ని దేశాలు ఈ నష్టాన్ని సూటిగానే పూడ్చాయి. జర్మనీలో 2012 నుంచి దాత చికిత్సతోపాటు సెలవు కాలపు జీతం భారం కూడా కిడ్నీ తీసుకున్నవారి ఆరోగ్య బీమా సంస్థ మీదే పడుతుంది. ఇందులో నాకు నచ్చేదేమిటంటే దాత ఎవరి ముందూ చేయి చాచాల్సిన అవసరం ఉండదు. ఇజ్రాయెల్ 2008 చట్టం 40 రోజుల సంపాదన తిరిగి ఇస్తుంది, మానసిక నిపుణులతో సంప్రదింపుల ఖర్చూ ఇస్తుంది. ఆస్ట్రేలియాలో 2013లో మొదలైన పథకం కింద, దాతకి సెలవు జీతం ఇచ్చిన యజమానికి ప్రభుత్వం కొంత సొమ్ము చెల్లిస్తుంది. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకి అవయవదానం కోసం ఏడాదికి 30 రోజుల ప్రత్యేక సెలవుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇతర దాతలకి ప్రయాణ ఖర్చులిచ్చే జాతీయ పథకం 2020 నుంచి పోయిన జీతాన్ని, పిల్లల సంరక్షణ ఖర్చును కూడా కలుపుకుంది. ఇలాంటి పథకాల్లో చాలావాటికి ఆపరేషన్‌కి ముందే దరఖాస్తు చేయాలి. తర్వాత వెళితే గడువు దాటిందంటారు.

పథకం ఏదీ లేనిచోట కుటుంబమే ఒక కాగితం రాసుకోవాలి. ఏయే ఖర్చు ఎవరిది, దాత ఇంటి ఖర్చుకి ఎన్ని వారాలు ఎవరు సర్దుతారు, చిక్కు వస్తే ఎవరు చూస్తారు, ఇవి అందులో ఉండాలి. ఆ డబ్బు వ్యవహారం దాత చేతిలోనూ, తీసుకునేవారి చేతిలోనూ కాకుండా ఇద్దరూ గౌరవించే మూడో మనిషి చేతిలో ఉంటే మంచిది. బాబాయో, అక్క భర్తో ఎవరైనా సరే. దాత రసీదు ఆయనకిస్తారు, ఆయన అటు నుంచి తెచ్చి ఇస్తారు. ఇద్దరి మధ్య నేరుగా అడగడం, ఇవ్వడం ఉండదు. చూడటానికి చిన్న ఏర్పాటులా ఉంటుంది, కానీ బంధాలు చెడకుండా కాపాడటంలో దీనికి సాటి మరొకటి లేదు.

ఒక అంకె తెచ్చే తంటా

దాతల ఇన్సూరెన్స్ సమస్య ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూడాలి. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే అంకె జీఎఫ్ఆర్. సాధారణంగా 90 పైన ఉంటే దానానికి ఇబ్బంది లేదంటారు. 60 లోపు ఉంటే వద్దంటారు. మధ్యలో ఉంటే వయసు, ఇతర విషయాలు చూసి నిర్ణయిస్తారు. 50 ఏళ్ల దాతకి ముందు 85 ఉందనుకుందాం. ఒక కిడ్నీ తీయగానే అది సగానికి పడుతుంది. మిగిలిన కిడ్నీ కొన్ని వారాల్లో కాస్త పెరిగి, ఎక్కువ పనిచేసి, మొత్తాన్ని పాత స్థాయిలో 65 నుంచి 70 శాతం వరకూ తెస్తుంది. అంటే 55 నుంచి 60. క్రియాటినిన్ కూడా ఆ మేరకు పెరిగి అక్కడే నిలుస్తుంది. ఇది జబ్బు కాదు, ఒక కిడ్నీ ఉన్న ఆరోగ్యవంతుడి అంకె.

కానీ ల్యాబ్ కంప్యూటర్‌కి ఈ సంగతి తెలియదు. 60 లోపు కనిపించగానే రిపోర్టు మీద 'దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, మూడో దశ' అని అచ్చు పడుతుంది. ఆ కాగితం ఇన్సూరెన్స్ కంపెనీకి వెళితే ప్రీమియం పెంచొచ్చు, పాలసీయే ఇవ్వకపోవచ్చు. అమెరికాలో ఒక కేంద్రం దాతల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, దానం తర్వాత జీవిత బీమా కొత్తగా తీసుకోబోయిన లేదా మార్చుకోబోయిన వారిలో నలుగురిలో ఒకరికి ఇబ్బంది ఎదురైంది. ఆరోగ్య బీమాలో అది 7 శాతం. కాబట్టి తీసుకోవాలనుకున్న పాలసీలు పరీక్షలు మొదలుకాకముందే తీసుకోవడం తెలివైన పని. అప్పటికే ఉన్న పాలసీని మధ్యలో తెగిపోకుండా చూసుకోవాలి. దరఖాస్తులో కిడ్నీ ఇచ్చిన సంగతి దాస్తే తర్వాత క్లెయిమ్ పోతుంది, దాచకూడదు.

ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రం నుంచి ఒక ఉత్తరం రాయించుకుని దగ్గర పెట్టుకోవాలి. అందులో ఫలానా తేదీన కిడ్నీ దానం చేశారని, దానానికి ముందు క్రియాటినిన్ ఇంత, ఆరు నెలల తర్వాత ఇంత అని, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం లేదని, బీపీ మామూలని ఉండాలి. ఆ ఆరు నెలల అంకే ఇక జీవితాంతం కొలమానం. ఏటా అదే దగ్గర నిలిస్తే బాగున్నట్టు. ఇందులో రెండో వైపు ప్రమాదం కూడా ఉంది: మీరు దాత కదా, క్రియాటినిన్ కొంచెం ఎక్కువే ఉంటుంది అని నిజంగా పెరుగుతున్న అంకెను కొందరు డాక్టర్లు తేలిగ్గా తీసుకుంటారు. ఆ ఉత్తరం చేతిలో ఉంటే రెండు పొరపాట్లూ తప్పుతాయి.

అసలు ప్రమాదం ఎంత? అమెరికాలో 2013 నుంచి 2022 వరకూ ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లో చనిపోయినవారు 10,000 మంది దాతల్లో ఒకరికన్నా తక్కువ. దీర్ఘకాలంలో కిడ్నీ పూర్తిగా పాడయ్యే అవకాశం గురించి 2014లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, 15 ఏళ్లలో 10,000 మంది దాతల్లో సుమారు 31 మందికి అలా జరిగింది. అంతే ఆరోగ్యంగా ఉండి కిడ్నీ ఇవ్వనివారిలో అది నలుగురు. 'ఎనిమిది రెట్లు' అని చదివితే గుండె జారుతుంది. 'వెయ్యికి ముగ్గురు' అని చదివితే మామూలుగా అనిపిస్తుంది. రెండూ నిజమే, దాతకి రెండూ చెప్పాలి. పిల్లలను కనాలనుకునే స్త్రీలకి మరో అంకె: కెనడాలో 2015లో వచ్చిన అధ్యయనంలో దానం తర్వాత గర్భం దాల్చినవారిలో 11 శాతం మందికి గర్భకాలపు బీపీ సమస్యలు వచ్చాయి, ఇవ్వనివారిలో 5 శాతం మందికి. ఎక్కువమందికి కాన్పులు బాగానే జరిగాయి. కాకపోతే ముందు నుంచి గట్టి పర్యవేక్షణ కావాలి, ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

ఇచ్చాక బంధం

కిడ్నీ ఇచ్చినవారికి, తీసుకున్నవారికి మధ్య తీరని రుణం ఒకటి ఏర్పడుతుంది. రెనీ ఫాక్స్, జూడిత్ స్వేజీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దశాబ్దాల కిందటే దీన్ని గమనించి వివరించారు. తీసుకున్నవారు ఎంత చేసినా తక్కువే అనిపించి, దాత ఎదుట పడటానికే ఇబ్బంది పడతారు. దాత ఒక్కోసారి తెలియకుండానే కాపలాదారవుతారు: మందు వేసుకున్నావా, ఉప్పు తగ్గించావా, ఆ సిగరెట్ ఏంటి? ప్రేమతోనే అడుగుతారు, కానీ వినేవారికి అది అజమాయిషీలా వినిపిస్తుంది. ఆపరేషన్‌కి ముందే ఇద్దరూ కూర్చుని, ఇచ్చాక ఆ కిడ్నీ నాది కాదు, నీది అన్న మాట పైకి అనుకోవడం మంచిది. మనసులో అనుకుంటే చాలదు.

అన్నిటికన్నా కష్టమైనది, ఇచ్చిన కిడ్నీ పనిచేయకపోవడం. కొన్ని రక్తం గడ్డకట్టి మొదటి రోజుల్లోనే పోతాయి, అరుదుగా. మిగతావి బాగా పనిచేసినా శాశ్వతం కాదు. బతికున్నవారు ఇచ్చిన కిడ్నీ సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పనిచేస్తుంది. 35 ఏళ్ల వయసులో తమ్ముడికి ఇచ్చిన అక్క, యాభై దాటాక అదే తమ్ముడు మళ్లీ డయాలసిస్‌కి వెళ్లడం చూడాల్సి రావచ్చు. ఈ మాట ముందు చెప్పకపోతే దాత దాన్ని తన కిడ్నీ లోపంగా తీసుకుంటారు. మొదటి రోజుల్లోనే పోయినా, తీసుకున్నవారే చనిపోయినా దాత దుఃఖం రెండు రకాలుగా ఉంటుంది: మనిషి పోయిన బాధ ఒకటి, చేసింది వృథా అయిందన్న బాధ ఒకటి. రెండోది బయటికి అంటే స్వార్థంలా ఉంటుందని అనరు. పైగా అప్పటికి కేంద్రంతో సంబంధం తెగిపోయి ఉంటుంది, ఎందుకంటే పిలిచేది తీసుకున్నవారినే గానీ దాతను కాదు. కిడ్నీ పాడైందని తెలిసిన వారంలోనే దాతకీ ఒక ఫోన్ వెళ్లాలి. పెద్ద వ్యవస్థేమీ అక్కర్లేదు, కోఆర్డినేటర్ రిజిస్టర్లో దాత నంబరు తీసుకున్నవారి నంబరు పక్కనే ఉంటే చాలు.

ముక్కూ ముఖం తెలియనివారికి ఇచ్చేవారి అనుభవం కొంత వేరు. వాళ్లకి రోజూ ఎదురుగా కనిపించే మనిషి లేరు, కాబట్టి అజమాయిషీ లేదు, రుణం బరువు లేదు. ఫలితం కూడా తెలియదు. తమ కిడ్నీ తమవారికి సరిపోక, వేరే జంటతో కిడ్నీలు మార్చుకునే పద్ధతిలో ఇచ్చినవారిది మరో ఇరకాటం: తాము ఇచ్చిన కిడ్నీ ఎవరికో బాగా పనిచేసి, బదులుగా తమవారికి వచ్చినది పాడైతే అది ఎవరి తప్పూ కాదు, అయినా మనసు లెక్కలు వేస్తూనే ఉంటుంది.

నడుం నొప్పి వచ్చిన ప్రతిసారీ ఉన్న ఒక్కటీ పోతోందేమోనన్న భయం చాలామంది దాతలకి మొదటి రెండేళ్లూ ఉంటుంది. దానికి మందు ఏటా చేయించుకునే తనిఖీ. బీపీ, బరువు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఈ నాలుగూ చాలు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడకూడదు, పారాసిటమాల్ మోతాదు మించకుండా వాడొచ్చు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కిడ్నీ ఒకటేనని ముందు చెప్పాలి. ఏటా ఈ పరీక్షల బిల్లు ఎవరు కడతారన్నది కూడా ఆపరేషన్‌కి ముందు రాసుకున్న ఆ కాగితంలో, ఎన్నేళ్ల వరకో అంకెతో సహా ఉండాలి.